చూపు ఇక రాదని డాక్టర్ చెప్పాక... ఆ తర్వాత మాట్లాడాల్సింది ఎవరు?

అలిపిరి_మెట్లు
తిరుపతిలో ఒక కంటి క్లినిక్‌లో కౌన్సెలర్‌గా పనిచేస్తున్నాను. ఆపరేషన్‌కి ఎంత అవుతుంది, ఏ లెన్స్ వేస్తారు, వైద్య సేవ కార్డు పనికొస్తుందా, చుక్కలు రోజుకు ఎన్నిసార్లు వేసుకోవాలి... మాకు నేర్పింది ఇదే. శుక్లాల పేషెంట్లకు ఇది సరిపోతుంది. కట్టు విప్పగానే వాళ్లే నవ్వుతూ వెళ్లిపోతారు.

నా బాధంతా రెండో రకం వాళ్ల గురించి. మొన్న వడమాలపేట వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. నీటికాసులు (గ్లాకోమా). ఒక కన్ను పూర్తిగా పోయింది, రెండో కంట్లో నడిమధ్య కొంచెం మిగిలింది. డాక్టర్ గారు పద్ధతిగానే చెప్పారు. పోయిన చూపు రాదు, ఉన్నది కాపాడుకుందాం, చుక్కలు మానొద్దు అని. ఆయన తలూపి బయటికొచ్చి నా బల్ల ముందు కూర్చున్నాడు. ఫైలు మడిచి సంచిలో పెట్టుకున్నాడు, మళ్లీ తీశాడు, మళ్లీ పెట్టుకున్నాడు. చివరికి "అయితే ఎప్పుడు రావాలమ్మా?" అన్నాడు. మూడు నెలలకు అని చీటీ రాసిచ్చాను. మనసులో ఇంకేదో అడగాలని ఉందని మొహం చూస్తేనే తెలుస్తోంది. బయట టోకెన్లు పిలుస్తూనే ఉన్నారు. ఏం మాట్లాడాలో మాకెవరూ నేర్పలేదు.

చూపు పోతోందని తెలిసినవాళ్లకు మాలాంటి స్టాఫ్ ఏం చేయగలం? మీకు ఎవరైనా చేసిన మేలు గానీ, ఇది చేసి ఉంటే బాగుండేది అనిపించింది గానీ రాయండి. మా మేనేజ్‌మెంట్ ముందు పెడతాను.

చిత్తూరు_మామిడి
"ఇంకేం చేసేది లేదు, ఇంటికి తీసుకెళ్లండి." ఈ మాట ఎవరూ అనకుండా చూడండి చాలు.

మా నాయనకు షుగర్ వల్ల రెటీనా (కంటి వెనక పొర) దెబ్బతింది. లేజర్ పెట్టించాం, కంట్లో ఇంజెక్షన్లు వేయించాం. చివరిసారి వెళ్లినప్పుడు ఒకాయన ఈ మాట అనేసి తర్వాతి ఫైలు తీశాడు. ఇంటికొచ్చాక మా నాయన షుగర్ మాత్రలు కూడా మానేశాడు. కళ్లే లేనప్పుడు షుగర్ ఎంతుంటే ఏం అన్నాడు. తర్వాత కాలికి పుండు. మా అమ్మ ఇప్పటికీ ఆ రోజు గురించే మాట్లాడుతుంది.

పుంగనూరు_ఆవు
మాది కూడా షుగర్ కేసే. లేజర్ పెడితే చూపు పెరుగుతుందని అనుకున్నాం. ఉన్నది పోకుండా నిలపడానికే అది అని సగం సిట్టింగులు అయ్యాక తెలిసింది. మొదటి రోజే ఆ ఒక్క ముక్క చెబితే ఇంటిల్లిపాదికీ టెన్షన్ సగం తగ్గేది.

ఫీల్డ్‌టెస్ట్
చిత్తూరులో ఆప్టోమెట్రిస్ట్‌ని, చూపు పరీక్షలు చేస్తుంటాను. మెట్లు గారూ, మంచి ప్రశ్న వేశారు.

మామిడి గారు చెప్పిన మాట మా దగ్గర కూడా నోటికి తేలిగ్గా వచ్చేస్తుంది. నిజానికి అక్కడ అయిపోయేది మందులతో, ఆపరేషన్‌తో చేసే వైద్యం ఒక్కటే. మిగిలిన చూపుతో బతకడం నేర్పే పని అప్పుడే మొదలవుతుంది. దాన్ని లో విజన్ సేవ అంటారు. హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్‌లో, అరవింద్ ఆసుపత్రుల్లో దానికి ప్రత్యేక విభాగాలే ఉన్నాయి. మన తిరుపతిలోనే అరవింద్ 2019 నుంచి ఉంది. చిన్న క్లినిక్‌లో అంత ఏర్పాటు ఉండదు, నిజమే. కానీ "ఫలానా చోటికి వెళ్లండి" అని చీటీ రాసివ్వడానికి ఏర్పాట్లేం అక్కర్లేదు కదా.

నేను అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "ఇంట్లో ఇప్పుడు ఏ పని కష్టంగా ఉంది?" రిపోర్టులో 6/60 అని ఉంటుంది, అంటే మామూలు కంటికి అరవై మీటర్ల నుంచి కనపడే అక్షరం వీళ్లకు ఆరు మీటర్ల నుంచే కనపడుతుందని. దాన్నిబట్టి నాకేమీ తెలియదు. ఒకావిడ బియ్యంలో రాళ్లు ఏరలేకపోతున్నా అంటుంది. ఒకాయన బస్సు బోర్డు కనపడదు అంటాడు. ఇద్దరిదీ ఒకే నంబరు, ఇద్దరికీ కావాల్సింది వేరు. ఆవిడకు లైటున్న భూతద్దం, టేబుల్ ల్యాంపు. ఆయనకు చేతిలో పట్టుకునే చిన్న టెలిస్కోపు.

ఖర్చు లేనివి చాలా ఉన్నాయి. తెల్లన్నం స్టీలు కంచంలో కనపడదు, ముదురు రంగు ప్లేటులో పెడితే కనపడుతుంది. మెట్ల అంచుకు పసుపు పెయింటు గీత. గ్యాస్ స్టవ్ నాబ్ ఆఫ్‌లో ఉన్నప్పుడు ఎక్కడుంటుందో అక్కడ ఉబ్బెత్తుగా ఒక చుక్క. నీటికాసులకు రెండు మూడు రకాల చుక్కల మందు ఉంటుంది, సీసాలన్నీ ఒకే సైజు. రోజుకు ఒక్కసారి వేసేదానికి ఒక రబ్బరు బ్యాండు, రెండుసార్లు వేసేదానికి రెండు. ఇది నేను పేషెంట్ ముందే చుట్టి చేతికిస్తాను, తడిమి చూసి చెప్పమంటాను.

పుంగనూరు_ఆవు
రబ్బరు బ్యాండు ఐడియా సూపర్ సార్. మా జేజికి పొద్దున చెబుతా. సీసాలు పొరపాటు పడి మా తాత చెవి మందును కంట్లో వేసుకోబోయింది ఒకసారి.

రేణిగుంట_జంక్షన్
నేను ఆసుపత్రి అడ్మిన్ వైపు మనిషిని. మీరు చెప్పేవన్నీ బాగున్నాయి, కాదనను. కానీ ఓపీ రద్దీ ఎప్పుడైనా చూశారా? సోమవారం పొద్దున కూర్చోవడానికి చోటు ఉండదు. ఒక్కో పేషెంట్‌తో అరగంట కూర్చుంటే వెనక ఉన్నవాళ్లు గొడవ పడతారు. ఊళ్ల నుంచి వచ్చినవాళ్లకు బస్సు టైమ్ ఉంటుంది. స్టాఫ్ జీతాలు ఎవరిస్తారు? మనసుంటే చాలదు, మనుషులు కావాలి.

అలిపిరి_మెట్లు
జంక్షన్ గారూ, మా మేనేజర్ కూడా సరిగ్గా ఇదే అంటారు. అందుకే ఇక్కడ అడుగుతున్నా. అరగంట లేదు. ఉన్న అయిదు నిమిషాల్లో ఏం చేయొచ్చు?

పలమనేరు_టీచర్
ఫోన్ నాకు చదివి వినిపిస్తుంటే రాస్తున్నాను, అక్షరదోషాలుంటే సర్దుకోండి. నాకు ఆర్పీ, అంటే రెటినైటిస్ పిగ్మెంటోసా, రెటీనా మెల్లమెల్లగా పాడయ్యే జబ్బు. చిన్నప్పుడు రేచీకటి అన్నారు, కాలేజీకి వచ్చేసరికి పక్క చూపు పోయింది, ఇప్పుడు వెలుతురు మాత్రమే తెలుస్తుంది. గవర్నమెంట్ స్కూల్లో సోషల్ చెబుతాను.

జంక్షన్ గారూ, నేను చెప్పబోయేవాటికి అదనంగా ఒక్క నిమిషం కూడా పట్టదు.

నాతో మాట్లాడండి. నా భార్యతో కాదు. "ఈయనకు బీపీ ఉందా అమ్మా?" అని ఆమెను అడుగుతారు. పక్కనే ఉన్నాను, చెవులు బాగా వినిపిస్తాయి, నా బీపీ నాకే తెలుసు.

రెక్క పట్టి లాక్కెళ్లకండి. మీ మోచేయి నా చేతికి అందించండి, నేను పట్టుకుంటా. మీరు అర అడుగు ముందు నడవండి. మెట్టు వస్తే "మెట్టు పైకి" లేదా "కిందికి" అనండి. ఉత్తగా "మెట్టు, మెట్టు" అంటే ఏ వైపు కాలు వేయాలో తెలియక ఆగిపోతాను. కుర్చీ దగ్గరికి వచ్చాక భుజాలు నొక్కి కూలేయడం వద్దు. నా చేతిని కుర్చీ వీపు మీద పెట్టండి, నేనే కూర్చుంటా.

గదిలోకి వచ్చేటప్పుడు పేరు చెప్పండి, వెళ్లేటప్పుడు వెళ్తున్నానని చెప్పండి. ఖాళీ గదిలో మాట్లాడుతూ కూర్చోవడం ఎంత అవమానమో మీకు తెలియదు. కంట్లో చుక్కలు వేసేముందు "వేస్తున్నా" అనండి, చల్లటి చుక్క హఠాత్తుగా పడితే ఒళ్లు జలదరిస్తుంది. టోకెన్ నంబరు బోర్డు మీద వెలిగితే నాకేం తెలుస్తుంది? కంటి ఆసుపత్రిలోనే నంబరు కళ్లతో చూడమంటే ఎలా? పేరు పెట్టి పిలవండి.

ఇంకొకటి. "అయ్యో పాపం" అనకండి. ఎవరు అన్నా గొంతు పట్టేస్తుంది.

కాళాస్తి_కుర్రోడు
టీచర్ సార్, నాదీ ఆర్పీనే. డిగ్రీ రెండో ఏడు. ఇప్పుడే నడిమధ్య చూపు కూడా తగ్గడం మొదలైంది.

నాకు ఎక్కువ బాధ కలిగించింది ఒక క్లినిక్‌లో నర్సు మాట. అమ్మను పట్టుకుని "మేనరికం చేసుకుంటే ఇట్లే అవుతుంది, చదువుకున్నోళ్లే కదా" అంది. మా అమ్మ ఆ రోజు నుంచి నా మొహం చూసి మాట్లాడలేకపోయింది.

ఫీల్డ్‌టెస్ట్
కుర్రోడు, అలా అనకుండా ఉండాల్సింది. మన రాయలసీమలో మేనరికం మామూలు, ఆర్పీలో కొన్ని రకాలు అలాంటి కుటుంబాల్లో ఎక్కువ కనపడతాయి, అది నిజమే. కానీ చెప్పే పద్ధతి వేరు. జన్యువులో ఆ తేడా అమ్మ వైపు, నాన్న వైపు ఇద్దరిలోనూ కనపడకుండా ఉంటుంది, ఎవరి తప్పూ కాదు, చెల్లెలు తమ్ముడు ఉంటే ఒకసారి కళ్లు చూపించండి, పెళ్లిళ్ల ముందు జన్యు సలహా తీసుకోండి. ఇంతే. అమ్మను బోనులో నిలబెట్టాల్సిన పని లేదు.

నీటికాసులకూ ఇదే. అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు, పిల్లలకు వచ్చే అవకాశం మిగతావాళ్లకంటే ఎక్కువ. ఒకరికి నిర్ధారణ కాగానే "ఇంట్లోవాళ్లందరినీ ఒకసారి పంపండి" అనాలి. అది మొదట్లో నొప్పి లేకుండా పక్క చూపును తినేస్తుంది, మనిషికి తెలిసేసరికి చాలా పోయి ఉంటుంది.

గుడిపాల_బార్డర్
మేం వేలూరు వెళ్తాం, మాకు చిత్తూరు కన్నా అదే అలవాటు. నా అనుమానం వేరే. అసలు పేషెంట్‌కి అంతా చెప్పేయాలా? మా మామకు చెప్పొద్దని డాక్టర్ కాళ్లావేళ్లా పడ్డాం. పెద్ద వయసు, గుండె జబ్బు. మందులు వేస్తుంటే తగ్గుతుందని చెప్పాం. ధైర్యంగా ఉన్నాడు. చెప్పి కుంగదీయడం దేనికి?

చిత్తూరు_మామిడి
బార్డర్ అన్నా, కోపం తెచ్చుకోవద్దు. మా ఇంట్లో కూడా కొన్నాళ్లు అలాగే దాచాం. ఆయనేమో ఈసారి తగ్గుతుంది, వచ్చేసారి తగ్గుతుంది అని ఎదురుచూస్తూ కూర్చున్నాడు. ఆ టైమ్‌లో కొంచెం చూపు ఉంది, ఫోన్ నేర్చుకోవచ్చు, ఇంట్లో నడక అలవాటు చేసుకోవచ్చు. అంతా పోయాక నేర్చుకోవడం కష్టమైంది.

పలమనేరు_టీచర్
బార్డర్ గారూ, మీ మామకు కనపడటం లేదని మీ మామకు తెలియదా? మీరు దాచింది జబ్బును కాదు, దాని గురించి మీతో మాట్లాడే అవకాశాన్ని దాచారు. ఘాటుగా అన్నానేమో, కానీ నా అభిప్రాయం ఇదే.

గుడిపాల_బార్డర్
ఘాటుగానే ఉంది సార్. ఆలోచిస్తా. అయితే చెప్పే విధానం ఉండాలి కదా, నిలబెట్టి ముక్కుసూటిగా చెప్పేస్తే ఎట్లా?

ఫీల్డ్‌టెస్ట్
నిలబెట్టి చెప్పకూడదు, అందులో మీతో ఏకీభవిస్తా. వరండాలో, పదిమందిలో అసలే వద్దు. కూర్చోబెట్టి, "మీ జబ్బు గురించి మీకు ఎంత వరకు తెలుసుకోవాలని ఉంది?" అని పేషెంట్‌నే అడిగితే సరిపోతుంది. కొందరు అన్నీ చెప్పమంటారు, కొందరు కొడుకుతో మాట్లాడమంటారు. అది వాళ్ల ఇష్టం, మన ఇష్టం కాదు.

ఇంకో సంగతి, చెడు మాట విన్నాక మనిషికి తర్వాత చెప్పేవేవీ బుర్రకెక్కవు. అందుకే ఆ రోజు అన్నీ కుమ్మరించొద్దు. పెద్ద అక్షరాల్లో ఒక కాగితం, ఒక ఫోన్ నంబరు ఇచ్చి, వారం తర్వాత మనమే ఫోన్ చేయాలి.

చంద్రగిరి_కోట
ఇది ఇక్కడ అడగొచ్చో లేదో. మా అవ్వకు మచ్చ జబ్బు (రెటీనా నడిమధ్య దెబ్బతినేది), రెండు కళ్లలో మధ్య చూపు పోయింది. ఈమధ్య సాయంత్రం పూట గోడ మీద తీగలు, పూలు కనపడుతున్నాయంటోంది. ఒకరోజు గుమ్మంలో తలపాగా చుట్టుకున్న చిన్న చిన్న మనుషులు వరసగా కూర్చున్నారంది. మతి మాత్రం నిక్షేపంగా ఉంది, పాల లెక్క ఇప్పటికీ ఆమే చూస్తుంది. మా చిన్నమ్మ గాలి సోకిందని తాయెత్తు కట్టించింది. అవ్వ ఇప్పుడు ఏం కనపడినా చెప్పడం మానేసింది, భయం భయంగా కూర్చుంటోంది.

ఫీల్డ్‌టెస్ట్
కోట గారూ, తప్పకుండా అడగాల్సిందే. మీరు చెప్పిన తీరు చూస్తే చార్లెస్ బోనె సిండ్రోమ్ లాగే ఉంది. చూపు బాగా తగ్గినవాళ్లలో కొందరికి ఇలా జరుగుతుంది. కంటి నుంచి వచ్చే సమాచారం తగ్గితే మెదడు తనంతట తానే బొమ్మలు చూపిస్తుంది. చార్లెస్ బోనె అనే స్విట్జర్లాండ్ ఆయన 1760లోనే దీని గురించి రాశాడు, చూపు తగ్గిన తన తాతగారికి ఇలా కనపడుతుంటే.

గాలీ కాదు, పిచ్చీ కాదు. బొమ్మలే కనపడతాయి, మాటలు వినపడవు, అది నిజం కాదని మనిషికి తెలుస్తూనే ఉంటుంది. చాలామందికి కాలం గడిచేకొద్దీ తగ్గుతుంది. బొమ్మ కనపడినప్పుడు లైటు వేయడం, కళ్లు అటూ ఇటూ తిప్పడం, లేచి నాలుగడుగులు వేయడం కొందరికి పనిచేస్తుంది. అయినా ఒకసారి కంటి డాక్టర్‌కీ, ఫిజీషియన్‌కీ చూపించండి. మాటలు వినపడినా, మనిషి తికమక పడుతున్నా వేరే కారణం ఉండొచ్చు.

మెట్లు గారూ, అయిదు నిమిషాల్లో ఏం చేయొచ్చు అన్నారు కదా. ఈ ఒక్క వాక్యం చేర్చండి: "చూపు తగ్గినవాళ్లకు ఒక్కోసారి లేనివి కనపడతాయి, భయపడకండి, మాకు చెప్పండి." పిచ్చి అంటారేమోనని ఎంతమంది దాచుకుంటున్నారో.

చంద్రగిరి_కోట
అవ్వకు ఇప్పుడే చదివి వినిపించా. "నాలాంటోళ్లు ఇంకా ఉన్నారా?" అంది. ఆ తాత పేరు ఏందని కూడా అడిగింది. థాంక్యూ సార్, మాటల్లో చెప్పలేను.

పుంగనూరు_ఆవు
లులెన్ అట, చార్లెస్ లులెన్. ఇప్పుడే వెతికా. అవ్వకు చెప్పు.

రేణిగుంట_జంక్షన్
వికలాంగుల సర్టిఫికెట్ సంగతి ఎవరూ ఎత్తలేదు. దాని కోసం మా దగ్గర రోజూ తిరుగుతుంటారు. సగం మందికి అర్హత ఉండదు, ఊరికే బస్సు చార్జీలు దండగ. దాని గురించి స్టాఫ్‌కి సరిగ్గా తెలిస్తే మాకే లైను తగ్గుతుంది. ఇది మాత్రం నేను ఒప్పుకుంటా.

ఫీల్డ్‌టెస్ట్
పాయింటే. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం, అద్దాలు పెట్టాక కూడా బాగున్న కంట్లో 3/60 కన్నా తక్కువుంటే అంధత్వం. 6/18 నుంచి 3/60 లోపు లో విజన్. ప్రయోజనాలకు కనీసం 40 శాతం ఉండాలి. ఒక కన్ను పూర్తిగా పోయి రెండోది బాగుంటే 30 శాతమే వస్తుంది. అలాంటివాళ్లకు ముందే చెప్పేస్తే తిప్పలు తప్పుతాయి.

ఇక్కడ మనవాళ్లు మర్చిపోయేది పక్క చూపు. నంబరు 6/9 ఉన్నా చూపు వెడల్పు 40 డిగ్రీల కన్నా తక్కువుంటే లో విజన్ కిందికి, 10 డిగ్రీల కన్నా తక్కువుంటే అంధత్వం కిందికి వస్తారు. నీటికాసులు, ఆర్పీ వాళ్లు చాలామంది "అక్షరాలు చదువుతున్నావు కదా, నీకు రాదు" అనిపించుకుని తిరిగొస్తారు. వాళ్ల ఫైల్లో ఫీల్డ్ టెస్ట్ (చూపు వెడల్పు కొలిచే పరీక్ష) రిపోర్టు పెట్టి పంపడం క్లినిక్ బాధ్యత. సర్టిఫికెట్ కోసం చేసే సదరం పరీక్షకు స్లాట్ సచివాలయంలోనో మీసేవలోనో బుక్ చేసుకోవాలి.

చిత్తూరు_మామిడి
మా నాయనకు పింఛను వస్తోంది, 2024లో ఆరు వేలు చేశారు కదా. డబ్బు కన్నా ఒక మాట చెప్పాలి. మొదటి నెల పింఛను చేతిలో పడ్డాక మనవడికి సైకిల్ కొనిస్తానన్నాడు. చాలా రోజుల తర్వాత ఆయన నోటి నుంచి రేపటి సంగతి విన్నాం.

గుడిపాల_బార్డర్
తిరుమలలో దివ్యాంగుల కోటా దర్శనానికి కూడా ఈ సర్టిఫికెట్టే కావాలి. మా మామకు చెబితే దాని కోసమైనా ఒప్పుకుంటాడేమో.

కాళాస్తి_కుర్రోడు
పరీక్షల్లో గంటకు ఇరవై నిమిషాలు ఎక్కువ ఇస్తారు, రాసిపెట్టే మనిషిని కూడా పెట్టుకోవచ్చు. నాకిది క్లినిక్‌లో ఎవరూ చెప్పలేదు, సీనియర్ చెబితే తెలిసింది.

ఇంకోటి అడగాలి. స్టెమ్ సెల్స్‌తో ఆర్పీ నయం చేస్తామని ఫోన్‌కి యాడ్స్ వస్తున్నాయి. మా నాన్న పొలం అమ్ముతానంటున్నాడు.

ఫీల్డ్‌టెస్ట్
అమ్మనివ్వకు. ఆర్పీకి స్టెమ్ సెల్ వైద్యం ఇంకా పరిశోధనలోనే ఉంది. నిజమైన పరిశోధనలో పేషెంట్ దగ్గర డబ్బు తీసుకోరు. ఆమోదం వచ్చిన జన్యు చికిత్స ఒకటి ఉంది, 2017లో అమెరికాలో అనుమతించారు. అది ఆర్‌పీఈ65 అనే ఒక్క జన్యువు లోపానికే. నీది ఏ జన్యువో పరీక్ష చేయించుకుంటే తెలుస్తుంది. నాన్నగారిని నాతో మాట్లాడించు, మెసేజ్ పెట్టా చూడు.

పలమనేరు_టీచర్
కుర్రోడూ, నాకూ పెట్టు మెసేజ్. బీఈడీ గురించి మాట్లాడదాం. రాత్రుళ్లు నిద్ర పట్టకపోయినా, పిచ్చి ఆలోచనలు వచ్చినా 14416కి చెయ్యి. టెలిమానస్ అది, ప్రభుత్వానిదే, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. క్లినిక్‌వాళ్లు ఆ నంబరు చీటీ మీద రాసిచ్చినా ఎంతో మేలు.

రేణిగుంట_జంక్షన్
సరే, నేను కొంచెం దిగొస్తున్నా. బ్రిటన్‌లో కంటి ఆసుపత్రుల్లో దీనికే ఒక మనిషి ఉంటారని చదివాను, ఐ క్లినిక్ లైజన్ ఆఫీసర్ అంటారట. డాక్టర్ గది నుంచి బయటికి రాగానే పేషెంట్ వాళ్ల దగ్గర కూర్చుంటాడు. భయాలు వింటారు, సర్టిఫికెట్, ఇంటి సాయం, ఉద్యోగం అన్నీ చూస్తారు. మనం కొత్త పోస్టు ఇవ్వలేకపోవచ్చు. ఉన్న కౌన్సెలర్లలో ఒకరికి మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు ఈ పని మాత్రమే అప్పగించొచ్చు. అప్పుడు ఓపీ పల్చగా ఉంటుంది. మా దగ్గర అడిగి చూస్తా.

అలిపిరి_మెట్లు
జంక్షన్ గారూ, ఈ రెండు నుంచి నాలుగు సంగతి రేపే మా మేనేజర్‌కి చెబుతా. వడమాలపేట పెద్దాయన నంబరు ఫైల్లో ఉంది, పొద్దున ఫోన్ చేస్తున్నా. ఫీల్డ్ టెస్ట్ రిపోర్టు తీసి పెడతాను, ఆయన పిల్లలను కూడా రమ్మంటాను. సెక్యూరిటీ అన్నకు, ఆయమ్మలకు టీచర్ గారు చెప్పిన మోచేయి పద్ధతి నేర్పించాలి. గేటు దగ్గర ముందు చెయ్యి పట్టుకునేది వాళ్లే.

టీచర్ గారూ, ఒక సందేహం. ఫోన్ చదివి వినిపించడం తెలుగులో కూడా వస్తుందా? పేషెంట్లకు నేనే పెట్టి చూపించొచ్చా?

పలమనేరు_టీచర్
భేషుగ్గా వస్తుంది. ఆండ్రాయిడ్ అయితే సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, అందులో టాక్‌బ్యాక్. గొంతు తెలుగుకు మార్చుకోవాలి. ఒకసారి తాకితే చదువుతుంది, రెండుసార్లు టకటకా కొడితే తెరుచుకుంటుంది, కిందికి జరపాలంటే రెండు వేళ్లు. ముందు మీ ఫోన్‌లో ఆన్ చేసి ఒక పూట వాడండి, అప్పుడే నేర్పగలరు. ఆన్ చేసేముందు ఎలా ఆఫ్ చేయాలో చూసుకోండి, లేకపోతే సాయంత్రం దాకా అరుస్తూనే ఉంటుంది. నోట్లు గుర్తుపట్టడానికి రిజర్వ్ బ్యాంకు వాళ్ల మణి యాప్ ఉంది, 2020లో తెచ్చారు, నెట్ లేకున్నా పనిచేస్తుంది. కెమెరా ముందు నోటు పెడితే ఎంతో చెబుతుంది.

పుంగనూరు_ఆవు
మా తాతకు ఇది చూపిస్తే చిల్లర లెక్కలో ఇక జేజి ఆటలు సాగవు. మణి యాప్ దించుతున్నా.

గుడిపాల_బార్డర్
సదరం స్లాట్‌కి ఏమేం కాగితాలు తీసుకెళ్లాలి? మామకు ఆదివారం చెప్పబోతున్నా. టీచర్ సార్, వీలుంటే ఆయనతో ఒకసారి ఫోన్‌లో మాట్లాడతారా?

పలమనేరు_టీచర్
ఆధార్, పాత కంటి రిపోర్టులన్నీ పట్టుకెళ్లండి. మిగతావి సచివాలయంలో చెబుతారు. ఆదివారం సాయంత్రం ఆరు తర్వాత ఖాళీ, మామగారినే చేయమనండి.